తిప్పే పనిలేని పరుపు

మొన్న మా మేనకోడలు ఫోన్ చేసింది. "మామా, తక్కువల మంచి మెమొరీ ఫోం పరుపు ఏదన్న ఉంటే చెప్పు. నువ్వు బతుకంత గదే పని చేసినవు గద" అంది. ఆమె చెప్పిన పేర్లన్నీ ఫోన్లో వెతికి చూశాను. ప్రతి పరుపూ నడుం నొప్పి తగ్గిస్తుందట, నిద్ర పట్టిస్తుందట. మనిషి ఆకారాన్ని గుర్తు పెట్టుకుంటుందట. వంద రోజులు పడుకుని చూసి, నచ్చకపోతే వెనక్కి ఇవ్వవచ్చునట. నేను పనిలో చేరిన రోజుల్లో పరుపు దుకాణం గడప దాటితే, దాని మీద ఎవరు పడుకున్నా, ఎలా పడుకున్నా, మాకు సంబంధం ఉండేది కాదు.

ఆమెకు మూడు మాటలు చెప్పాను. ఎత్తు చూసి కొనవద్దు, ఎత్తి బరువు చూడు. అరచేత్తో నొక్కవద్దు, మోకాలు పెట్టి నీ బరువంతా వేసి చూడు. ఇంటికి వచ్చిన రోజే ప్లాస్టిక్ కవరు చించి పారెయ్. మూడోది అరిచినట్టుగా రెండుసార్లు చెప్పాను. ఆమె "సిగ్నల్ లేదు మామా" అని పెట్టేసింది. సిగ్నల్ బాగానే ఉంది.

ఆ మూడో మాట కోసమే ఇది రాస్తున్నాను. కొత్తగా అమ్మకాల ఉద్యోగంలో చేరేవాళ్లు చదివితే మంచిది. మంచి అమ్మకందారుగా ఎదగడం ఎలాగో ఇందులో ఉంది.

తొంభైల మొదట్లో నల్గొండలో బస్టాండుకు పోయే రోడ్డు మీద ఒక ఫోం పరుపుల దుకాణంలో చేరాను. ఇంటరు తప్పినవాడికి దొరికే ఉద్యోగాల్లో అంత మెత్తటిది ఇంకోటి లేదు. ఎండలేదు, మట్టిలేదు, పొద్దంతా పరుపుల మధ్యే. నన్ను తీసుకోవడానికి కారణం ఒక్కటే. నేను ఆపకుండా మాట్లాడగలను. మా యజమానిని అందరూ సేటు అనేవాళ్లు. ఆయన నాకు మొదటి రోజే చెప్పిన పాఠం ఇది: "కొనేటోడు పరుపు మీద పండి చూడడు, సిగ్గుపడతడు. చెయ్యి పెట్టి ఒత్తుతడు. చెయ్యికి నచ్చితే చాలు."

మా దగ్గర మూడు రకాలుండేవి. మొదటిది కొబ్బరి పీచు, రబ్బరు కలిపి చేసింది. గట్టిగా ఉండేది, అందుకే ఎవరూ కొనేవారు కాదు. రెండోది మంచి ఫోం, ధర చెప్పగానే జనం చెప్పులు వేసుకునేవారు. మూడోది లావుగా, తేలికగా, గులాబీ పువ్వుల గుడ్డతో ఉండేది. చెయ్యి పెడితే వెన్నలో పెట్టినట్టు దిగిపోయేది. మనిషి పడుకుంటే మంచం చెక్క కూడా అంతే సులభంగా తగిలేది. లోపల ఒకే ఫోం కాదు, ముక్కలు అతికించింది. దానికి మేము 'ఫ్యామిలీ పరుపు' అని పేరు పెట్టాం. రోజుకు రెండు మూడు పోయేవి.

దాంతోపాటు ఐదేళ్ల గ్యారంటీ కార్డు ఇచ్చేవాళ్లం. కార్డు వెనక, మరకపడితే గ్యారంటీ చెల్లదని చీమంత అక్షరాల్లో ఉండేది. సేటు దాన్ని ఇంకొంచెం సాగదీశాడు. ప్లాస్టిక్ కవరు తీస్తేనే గ్యారంటీ చెల్లదని చెప్పమన్నాడు. కవరు తీయకపోతే మరక పడదు. పలచటి గుడ్డ చిరిగి అతుకులూ బయటపడవు. కాబట్టి కొన్నవాళ్లందరికీ నేను చివర చెప్పే మాట, "కవరు మాత్రం తీయకుండ్రి." ఎవరూ ఎందుకని అడగలేదు. అప్పట్లో మనవాళ్లు కొత్త సైకిలు సీటుకు, స్కూటరు సీటుకు, టీవీకి కూడా కవరు తీసేవారు కాదు. కవరు ఉన్నన్నాళ్లు వస్తువు కొత్తదే. మేము చెప్పకపోయినా చాలామంది ఉంచుకునేవారేమో. ఇలా అనుకుని చాలా ఏళ్లు హాయిగా నిద్రపోయాను.

రోడ్డుకు అవతల, సరిగ్గా మా ఎదురుగా, ఒక దూదేకులాయన ఉండేవాడు. అరవై దాటిన ముసలాయన, తెల్లటి గడ్డం, దాని మీద ఎప్పుడూ ఇంకొంచెం తెల్లటి దూది. పాత పరుపులు విప్పి, దూది ఎండబెట్టి, విల్లుతో ఏకి, మళ్లీ కుట్టి ఇచ్చేవాడు. ఆ విల్లు మోత పొద్దున తొమ్మిదికి మొదలైతే సాయంత్రందాకా మా దుకాణంలోకి వినపడేది. ఆయన పద్ధతి ఒకటుండేది. ఎవరి పరుపు ఏకుతుంటే వాళ్లు ఎదురుగా కూర్చోవాలి. మధ్యలో లేచి బజారుకు పోతే విల్లు ఆపేసేవాడు. "మీ దూది మీ కండ్ల ముంగట ఏకాలె. రేపొచ్చి నా దూది ఏదంటే నేనేం చెప్పాలె" అనేవాడు. దానివల్ల ఆయనకు పని సగమే అయ్యేది. మా సేటు దాన్ని చూసి తెగ నవ్వేవాడు.

మేమిద్దరం మంచిగానే ఉండేవాళ్లం. నేను ఆయన్ను చాచా అనేవాడిని. మధ్యాహ్నం టీకి మా అరుగు మీదికి వచ్చి, ఫ్యామిలీ పరుపును వేలితో ఒత్తి చూసేవాడు.

"మంచిగున్నది బిడ్డా, పిట్ట గూడు లెక్క. మరి దీని మీద మనుషులు పంటరని చేసినోనికి ఎవలన్న చెప్పిన్రా?"

"నీ పరుపు ఏడాదికొకసారి ఏకాలె చాచా. దీనికి ఏకుడు లేదు, కుట్టుడు లేదు."

"అవు, దీనికి మల్ల బతుకు లేదు" అని టీ తాగి వెళ్లిపోయేవాడు.

ఆ ఏడు ఎండలు ముదురుతుండగా రామన్నపేట దిక్కు పల్లె నుంచి ఒకామె వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. భర్త గీత కార్మికుడు. తాటిచెట్టు మీద నడుముకు కట్టుకున్న మోకు జారి పడ్డాడు. ప్రాణం దక్కింది, నడుము విరిగింది. దవాఖానలో నెల ఉంచుకుని, ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆమె తన పెండ్లినాటి దూది పరుపును పొద్దున్నే తెచ్చి చాచా దగ్గర ఏకించింది. పద్ధతి ప్రకారం అర్ధదినం ఆయన ఎదురుగా కూర్చుంది. కుట్టడం అయ్యాక దాన్ని అక్కడే పెట్టి రోడ్డు దాటి మా దుకాణంలోకి వచ్చింది.

"తమ్మి, మెత్తటి పరుపు ఒకటి గావాలె. ఎక్కువది వద్దు. నా దగ్గర రెండు మేకలమ్మిన పైసలే ఉన్నయి."

నేను ఫ్యామిలీ పరుపు పరిచాను. ఆమె చెయ్యి పెట్టి ఒత్తింది. సేటు చెప్పినట్టే, చెయ్యికి నచ్చింది.

"ఆయనకు నడుము కింద సోయి లేదు తమ్మి. రెండు గంటలకొకసారి ఇటు అటు తిప్పి పండబెట్టాలన్నడు డాక్టరు. గా దూదేకే తాత గూడ గదే అన్నడు, పరుపు ఏదైన తిప్పుడు తప్పదు బిడ్డా అని. పిల్లలు చిన్నోళ్లు. నేను పొద్దంత తిప్పుకుంట కూసుంటే కూలికెవలు పోవాలె? ఏం తినాలె?"

ఆమె నన్ను పరుపు గురించి అడగలేదు. తను కూలికి పోవచ్చా లేదా అని అడిగింది. అది నాకు ఆ క్షణమే తెలుసు. తెలియదని రాస్తే ఇంత రాయడం దండగ.

"దూది పరుపైతే తిప్పాలె అక్కా" అన్నాను. "దూది గడ్డ కడతది. ఇది ఫోం. మనిషి ఎట్ల పంటే అట్ల వంగుతది. దీని మీద తిప్పే పని లేదు."

"నిజమేనా తమ్మి?"

"కార్డు మీద ఐదేండ్లు రాసిచ్చిన్రు గద."

గల్లా దగ్గర నుంచి సేటు కూడా ఒక చెయ్యి వేశాడు. "కింద దూది, మీద ఫోం ఎయ్యమ్మా. రాజు పన్నట్టు పంటడు."

ఆమె ముఖంలో నెల రోజుల అలసట కొంచెం సడలింది. "గట్లయితే కూలికి పోవచ్చు" అని తనలో తానే అనుకుంది. రెండు పరుపులూ ఆటో మీద కట్టాం. ఆటో కదులుతుంటే, మర్చిపోతానా, "అక్కా, కవరు మాత్రం తీయకు, గ్యారంటీ పోతది" అని అరిచాను.

నడుము కింద స్పర్శ లేని మనిషికి మెత్తదనం అమ్మిన ఘనుడిని నేను. ఆ సాయంత్రం సేటు నా భుజం తట్టాడు కూడా.

నెల దాటింది. ఒక మధ్యాహ్నం పెళ్లివాళ్లు పదిమంది వచ్చి పరుపులు చూస్తున్నారు. ఆమె తన బావను వెంటబెట్టుకుని వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"వీపు కింద పుండైంది. నా పిడికిలి పడ్తది గంత. ఆయనకు సోయి లేకపాయె, నొప్పి తెల్వకపాయె. వాసనొస్తే చూసినం. తిప్పే పని లేదంటివి గద తమ్మి?"

పెళ్లివాళ్లు పరుపుల మీద నుంచి చేతులు తీశారు. సేటు నా వైపు చూశాడు. ఆ చూపును తర్వాత కాలంలో చాలామంది యజమానుల దగ్గర చూశాను. జీతమిచ్చేది నోరు తెరవడానికే కదా అన్నట్టుంటుంది.

"కింద ఏమేసిన్రు అక్కా?" అన్నాను.

"మీరు ఎయ్యమన్నదే. దూది పరుపు."

"పాత దూది" అన్నాను, పెళ్లివాళ్లకు కూడా వినపడేటట్టు. "పాత దూదిల పురుగుంటది, వేడుంటది. మా ఫోంకు గదే పట్టింది. సరిగ ఏకితే గిట్ల గాదు."

నా తెలివికి నేనే ఆశ్చర్యపోయాను. ఎక్కడా తడబడలేదు. పెళ్లివాళ్లలో ఒక పెద్దాయన, "అవు, పాత దూది మంచిది గాదు" అని సాక్ష్యం కూడా చెప్పాడు. ఆమె వెనక్కి తిరిగి రోడ్డు దాటింది.

చాచా దుకాణం ముందు ఆమె తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. నీ చేతులు పడిపోను, మా ఇల్లు ముంచినవు అన్నవి వాటిలో చిన్నవి. ఆయన విల్లు ఆపాడు. "దూది నీ కండ్ల ముంగటే ఏకిన గద బిడ్డా" అన్నాడు ఒక్కసారి. ఆమె ఇంకా గట్టిగా ఏడ్చింది.  తమ వంతు కోసం కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లు పాత పరుపులు చుట్టుకుని, తర్వాత వస్తామని వెళ్లిపోయారు. మా దుకాణంలో పెళ్లివాళ్లు నాలుగు ఫ్యామిలీ పరుపులు కొన్నారు.

రెండు రోజులకు చాచా మా అరుగు దగ్గరికి వచ్చాడు. టీ తాగలేదు.

"రేపు ఐతారం. నీకు సెలవే గద. గా పిల్ల ఇంటికి పోదాం రా."

సరే అన్నాను. పొద్దున బస్సులో రామన్నపేట దాకా, అక్కడి నుంచి నడక. దారిలో ఆయన పరుపు మాటే ఎత్తలేదు. వానలు ఎప్పుడు పడతాయో, దూదికి మంచి ఎండ ఏ నెలదో చెప్తూ నడిచాడు.

ఒక్క గది ఇల్లు, పైన రేకులు. లోపల అడుగు పెట్టగానే ముఖానికి సెగ కొట్టింది. మంచం మీద దూది పరుపు, దాని మీద మా ఫోం, దాని మీద మా కవరు, దాని మీద పాత చీర, ఆ చీర మీద ఆమె భర్త. చీర తడిసి కవరుకు అంటుకుంది. ముడతల్లో చెమట నీళ్లలాగా నిలిచి ఉంది. గులాబీ పువ్వులు మాత్రం కొత్తగా మెరుస్తున్నాయి. మరక ఒక్కటీ లేదు. గ్యారంటీకి ఢోకా లేదు.

ఆయన నన్ను చూసి నవ్వాడు. "పరుపులమ్మే తమ్మివా? మంచి పరుపు ఇచ్చినవు. చెట్టు మీద ఎండకు ఎండిన. నీ పరుపు మీద వానకు తడుస్తున్న."

చాచా చేతులు కడుక్కున్నాడు. ఆమె భుజాలు పట్టింది, నేను కాళ్లు పట్టాను, చాచా నడుము పట్టాడు. పక్కకు తిప్పాం. ఆ పుండును నేను చూశాను. ఎలా ఉందో రాయను. నేను కాళ్లు వదిలి గోడ పట్టుకుంటే ఆ పడుకున్న మనిషే, "జర కూసో తమ్మి, పడ్తవు. ఇంట్ల ఒక్కడు చాలు" అన్నాడు.

"ఎన్ని మాట్ల తిప్పుతున్నవు బిడ్డా?" అని చాచా ఆమెను అడిగాడు.

"కూలికి పోయేముందు ఒకసారి, వచ్చినంక ఒకసారి. తిప్పే పని లేదన్నరు."

"ఎవలన్నరు?"

ఆమె నావైపు చూసింది. చాచా నావైపు చూడలేదు. పుండు ఎక్కడుందో, దాని కింద కవరు ఎక్కడ ముడతపడి ఉందో చూశాడు. జేబులోంచి కుట్లు విప్పే చాకు తీసి, కవరును, దాని కింది పువ్వుల గుడ్డతో సహా, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా కోశాడు. కోసి లాగేస్తే అతుకులన్నీ బయటపడ్డాయి. ఫోం తీసి గోడకు ఆనించి, దూది పరుపు మీద ఉతికిన నూలు దుప్పటి పరిచాడు. "దీని మీద పండబెట్టు. దీని మీదైన తిప్పాలె. వాడకట్టుల ఎవలన్న ముసలమ్మ ఉంటే చెప్పుకో, నువ్వు లేనప్పుడు తిప్పుతది" అన్నాడు.

అప్పుడు నేను నోరు తెరిచాను. ఏమన్నానో తెలుసా? "కవరు తీసిన గని ఫికర్ చెయ్యకు అక్కా. గ్యారంటీ సంగతి సేటుతోని నేను మాట్లాడుతా."

ఆమె నాకు దండం పెట్టింది. దాన్ని కూడా తీసుకున్నాను.

తిరుగు బస్సులో చాచా కిటికీ పక్కన నిద్రపోయాడు. సోమవారం పొద్దున తొమ్మిదికి ఆయన దుకాణం తెరిచాడు. విల్లు పట్టలేదు. మా దుకాణం వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు. రోడ్డు మీద టీ హోటలు దగ్గర నలుగురున్నారు, పక్కన టైలరున్నాడు, మొన్నటి తిట్లన్నీ విన్నవాళ్లే. రోడ్డు వెడల్పు ఇరవై అడుగులుంటుందేమో. ఆయన దేనికోసం కూర్చున్నాడో నాకు తెలుసు. నేను పరుపులు దులుపుతూ ఉన్నాను. దులిపిందే దులిపాను. పదకొండు దాటాక విల్లు మోత మొదలైంది.

ఆ మోత తర్వాత ఎక్కువ కాలం సాగలేదు. ఆయన దూదితో మనిషి వీపు కుళ్లిందనే మాట ఊరూరా పోయింది. బస్టాండులో కూడా విన్నాను, చివరికి దుకాణానికి వచ్చిన ఒకాయన నాకే చెప్పాడు. "అట్లనా" అన్నాను. మాకు ఆ ఏడు అమ్మకాలు పెరిగాయి, నా జీతం పెంచారు. రెండో ఎండాకాలం వచ్చేసరికి చాచా దుకాణంలో చెప్పుల షాపు వెలిసింది. ఆయన కోస్గిలో కూతురి దగ్గరికి వెళ్లాడని టైలరు చెప్పాడు. తొంభైల చివర్లో నన్ను మహబూబ్‌నగర్ బ్రాంచికి పంపారు. కోస్గి బస్సు మా దుకాణం ముందే ఆగేది. మూడేళ్లలో దాన్ని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఒక్కసారీ ఎక్కలేదు. ఆయన చనిపోయాడని అక్కడే తెలిసింది.

పోయిన ఏడు నడుం నొప్పి వల్ల పని మానేశాను. పరుపులు అమ్మేవాడికి నడుం నొప్పి, మీరు నవ్వుకోవచ్చు. తీరిక దొరికింది కదా అని ఒక రోజు ఆ పల్లెకు పోయాను. ఆమె జుట్టు నెరిసింది. భర్త పుండు వానలు పడేదాకా మానలేదట. మానాక చాలా ఏళ్లు బతికాడట. పిల్లలు స్థిరపడ్డారు. టీ పెట్టి ఇచ్చింది. నేను గ్లాసు పట్టుకుని, ఎన్నాళ్లుగానో కూడబలుక్కున్న మాటలు చెప్పాను.

"అక్కా, గా దూదిల ఏ పురుగు లేకుండె. తిప్పే పని లేదన్నది నేను. కవరు తీయొద్దన్నది నేను. చాచా తప్పు ఏం లేదు."

"నాకెర్కే తమ్మి" అంది. "గాయన కవరు కోసిన్నాడే ఎర్కయింది. చూస్తనే ఉంటి గద."

"మరి..."

"మల్ల వారమే నల్గొండకు పోయిన. తాత ఇంటికి పోయి కాళ్ల మీద పడ్డ. పోనీ బిడ్డా, నువ్వేం చేస్తవు అన్నడు. అన్నం బెట్టిండు." ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. "తిట్టింది బజార్ల. కాళ్లు మొక్కింది ఇంట్ల. బజార్ల చెప్పాలంటే నాకు మొకం చెల్లలే. ఇంటోళ్లు తప్ప ఎవలు చూసిన్రు?"

నేను టీ తాగుతున్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వు గూడ నా ఇంట్లకే వస్తివి."

అందుకే దీన్ని అచ్చుకు పంపుతున్నాను. పేర్లు రాయలేదు. ఆ రోడ్డు మీద అప్పుడు టీ తాగినవాళ్లు, ఆ పెళ్లివాళ్లు, పరుపులు చుట్టుకుని వెళ్లిపోయిన ఆ ఇద్దరు ఆడవాళ్లు ఎవరైనా చదివితే వాళ్లకు తెలుస్తుంది. మా దుకాణానికి ఎదురుగా ఉన్న దూదేకులాయన ఆ పరుపును దాని మనిషి కళ్ల ముందే ఏకి, శుభ్రంగా కుట్టి ఇచ్చాడు. ఆ దూదిలో పురుగు లేదు, వేడి లేదు. పుండు మానింది కూడా దాని మీదే. పదిమందిలో నేను చెప్పింది అబద్ధం.